కాపీ అసైన్‌మెంట్‌తో ఏం చేయాలి? పాఠం 4: పిలిచి మాట్లాడడం

పోయిన పాఠంలో కాపీని పసిగట్టడం చూశాం. అనుమానం వచ్చిన చోట గీతలు గీసి పెట్టుకోమన్న అసైన్‌మెంట్ మీ దగ్గరే ఉంది కదా, ఇవాళ ఆ స్టూడెంట్‌ని పిలుద్దాం.

క్లాసులో అందరి ముందు మాత్రం వద్దు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఆ పని చేశాను. ఆ పిల్లాడు రెండు వారాలు కాలేజీ మొహం చూడలేదు.

ఫ్లోరైడ్ నీళ్ల మీద ఒకబ్బాయి ఎనిమిది పేజీలు ఇచ్చాడు. నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు ఊరు. నాలుగో పేజీలో ‘గత అధ్యాయంలో చర్చించినట్లు’ అని ఉంది. ఎనిమిది పేజీల్లో అధ్యాయాలెక్కడివి? ‘కాపీ కొట్టావా’ అంటే ‘లేదు సార్’ అంటాడు, ఇక మాట ముందుకు సాగదు. అందుకే కాగితం అతని వైపు తిప్పి, ఆ వాక్యం మీద వేలు పెట్టి, ‘ఇది ఏ అధ్యాయం బాబూ?’ అన్నాను. అడిగాక మీరు మాట్లాడకండి. లెక్చరర్లం కదా, నోరు ఊరుకోదు. అయినా ఆగాలి.

‘నెట్‌ల దొరికింది సార్, మంచిగుందని పెట్టిన.’

ఇప్పుడు రెండో ప్రశ్న: ‘నల్లగొండ పద్ధతి అని రాశావు, ఫ్లోరైడ్ తీసేయడానికి నీళ్లలో ఏం కలుపుతారు?’ పటిక, సున్నం అని చెబితే చదివే దించాడన్నమాట. అతనికి ఎక్కడి నుంచి తీసుకున్నాడో రాయడం నేర్పితే చాలు. నీళ్లు నమిలితే చదవకుండా అతికించాడు. అతనితో మొత్తం మళ్లీ రాయించాలి.

మావాడు నీళ్లు నమిలాడు. ‘మీ ఊళ్లో మిషన్ భగీరథ నల్లా నీళ్లు రాకముందు ఏం తాగేటోళ్లు?’ అన్నాను. బోరు నీళ్ల గురించి, వంగిపోయిన నానమ్మ నడుము గురించి ఆగకుండా చెప్పాడు. ఆ ఎనిమిది పేజీల్లో నానమ్మ లేదు. మళ్లీ రాయడం అక్కడి నుంచే మొదలుపెట్టమన్నాను.

‘పది శాతం దాకా కాపీ ఉన్నా పర్వాలేదు’ అని స్టాఫ్ రూముల్లో వింటుంటాం. ఆ లెక్క యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) కాపీ మీద పెట్టిన 2018 నిబంధనల్లోది. పీజీ, పీహెచ్‌డీ థీసిస్‌లు, ప్రచురించే పేపర్ల కోసం పెట్టింది. అసైన్‌మెంట్లు, ప్రాజెక్ట్ రిపోర్టులు, జవాబు పత్రాలు వాటి కిందికి రావని అందులోనే రాసి ఉంది. డిగ్రీ పిల్లల్ని ఆ శాతంతో బెదిరించకండి. మార్కులు ఎన్ని తగ్గిస్తారో సెమిస్టర్ మొదట్లోనే చెప్పి ఉంచండి.

అభ్యాసం: మీ దగ్గరున్న అసైన్‌మెంట్‌కి మూడు ప్రశ్నలు రాసుకోండి. ‘కాపీ’ అనే మాట ఒక్కదాంట్లోనూ రాకూడదు. పాఠం 5లో, క్లాసు సగం ఒకే అసైన్‌మెంట్ ఇచ్చినప్పుడు ఏం చేయాలో చూద్దాం.