కచేరీల సీజన్‌కు ముందు: లైవ్ వీడియోలో సౌండ్ చెడకుండా జాగ్రత్తలు

విశాఖలో కార్తీకం మొదలుకొని పుష్య బహుళ పంచమినాటి త్యాగరాజ ఆరాధన దాకా కచేరీలకు తెరిపి ఉండదు. కళాభారతి లాంటి హాళ్లలో గాత్రం, వీణ. వీధి పందిళ్లలో హరికథ, సన్నాయి మేళం. బీచ్‌రోడ్డు వేదికల మీద జానపదం. అన్నిటినీ ఎవరో ఒకరు వీడియో తీస్తూనే ఉంటారు. బొమ్మ కాస్త మసకగా ఉన్నా చూసేవాళ్లు సర్దుకుపోతారు. గాత్రం పగిలితే మాత్రం రెండు నిమిషాలకే ఆపేస్తారు. పగిలిన చోట అసలు శబ్దం రికార్డే కాలేదు కాబట్టి ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని ఉన్నదున్నట్టు తిరిగి తేలేదు.

కాబట్టి సౌండ్‌ని ఎప్పుడూ రెండు దారుల్లో పట్టుకోండి. ఒకటి మైక్‌సెట్టు మిక్సర్ నుంచి వచ్చే లైను. రెండోది మీరు సొంతంగా పెట్టే మైకులు. రెండూ వేర్వేరు రికార్డర్లలోకి, వేర్వేరు బ్యాటరీల మీద వెళ్లాలి. మిక్సర్ లైనులో గాత్రం స్పష్టంగా ఉంటుంది గానీ హాలు వినపడదు. సొంత మైకుల్లో హాలు, చప్పట్లు, వాద్యాల నిండుతనం ఉంటాయి గానీ సాహిత్యం కాస్త దూరమవుతుంది. ఎడిటింగ్‌లో రెంటినీ కలిపితేనే కచేరీ కచేరీలా ఉంటుంది. పైగా ఒకటి పోయినా రెండోది మిగులుతుంది.

మిక్సర్ లైను: తప్పులన్నీ ఇక్కడే

మిక్సర్ మెయిన్ అవుట్‌పుట్‌ని నేరుగా తీసుకుంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. చిన్న హాల్లో అది సరిపోదు. మృదంగం మైకు లేకుండానే జనానికి వినపడుతుంది కాబట్టి ఆపరేటర్ దాన్ని స్పీకర్లలో బాగా తగ్గించి పెడతాడు. ఆ మెయిన్ మిక్స్ రికార్డు చేస్తే గాత్రం చెవిలో మోగుతుంది, మృదంగం పక్కవీధిలో ఉన్నట్టుంటుంది. అందుకని ఒక ఆక్స్ అవుట్‌పుట్ (మెయిన్‌తో పనిలేకుండా విడి మిక్స్ పంపే సాకెట్) మీకోసం విడిగా అడగండి, అదీ ప్రీ-ఫేడర్‌గా, అంటే సౌండ్ పెంచి తగ్గించే జారుడు మీటలైన ఫేడర్లకంటే ముందే తీసుకునేట్టు. అప్పుడు ఆపరేటర్ హాలు కోసం ఫేడర్లు ఎక్కించినా దించినా మీ రికార్డింగు కదలదు. మధ్యలో గెయిన్ (లోపలికొచ్చే సౌండ్‌ని పెంచే నాబ్) ముట్టుకుంటే మాత్రం మీకూ మారుతుంది, ఆ సంగతి ముందే మాట్లాడుకోవాలి. ఎకో కలపని సౌండే అడగండి. తర్వాత కావాలంటే కలుపుకోవచ్చు, పడిపోయిన ఎకోని తీసేయడం మాత్రం దాదాపు అసాధ్యం. ఈ మాటలన్నీ జనం వచ్చాక కాదు, మైకులు పెట్టేటప్పుడే జరగాలి. ఆపరేటర్‌ని మీ మనిషిగా చేసుకోవడం సగం పని.

తర్వాతది లెవెల్. ప్రొఫెషనల్ మిక్సర్ లైన్ అవుట్‌పుట్ మామూలుగా ప్లస్ 4 డీబీయూ, అంటే సుమారు 1.23 వోల్టులు. మైకు నుంచి వచ్చేది కొన్ని మిల్లీవోల్టులే. లైను తెచ్చి మైక్ ఇన్‌పుట్‌లో గుచ్చితే తొలి దశలోనే పొంగిపోతుంది. దీన్ని గుర్తుపట్టడం తేలికే: గెయిన్ బాగా తగ్గించారు, మీటరు సగానికి కూడా రావడంలేదు, అయినా గొంతు గరగరమంటోంది. గెయిన్ నాబ్ దాకా రాకముందే సౌండ్ పగిలిపోయిందన్నమాట. రికార్డర్‌లో ఇన్‌పుట్‌ని లైన్‌కి మార్చండి. కెమెరాకు మైక్ ఇన్‌పుట్ ఒక్కటే ఉంటే మధ్యలో 20 నుంచి 40 డీబీ ప్యాడ్ (సిగ్నల్‌ని తగ్గించే చిన్న అడాప్టరు) పెట్టండి. ఆ ఛానెల్‌కి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (కండెన్సర్ మైకులకు కేబుల్లోంచే పంపే కరెంటు) ఆఫ్‌లో ఉందో లేదో చూశాకే కేబుల్ గుచ్చండి. కొన్ని మిక్సర్ల అవుట్‌పుట్‌లకు ఆ వోల్టేజి పడదు.

ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల ఆడియో ప్లగ్గు) నుంచి 3.5 మిల్లీమీటర్ల పిన్నుకు మార్చే కేబుల్ దగ్గర మరీ జాగ్రత్త. ఎక్స్‌ఎల్‌ఆర్‌లో 2వ పిన్ను మీద ఉండే సిగ్నలే 3వ పిన్ను మీద తలకిందులుగా ఉంటుంది. దుకాణాల్లో దొరికే కొన్ని కేబుళ్లలో ఈ రెండూ ఎడమకి ఒకటి, కుడికి ఒకటిగా వెళతాయి. హెడ్‌ఫోన్లలో వింటే గొంతు తల మధ్యలో నిలవకుండా అటూఇటూ చెదిరినట్టుంటుంది గానీ వినపడుతుంది, అందుకే అక్కడికక్కడ ఎవరూ పట్టించుకోరు. అదే వీడియో ఒకే స్పీకరున్న ఫోన్లో పెడితే రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని గాత్రం మాయమవుతుంది. కచేరీకి ముందే ఒక నిమిషం రికార్డు చేసి, మోనోలో విని చూడండి. గొంతు నీరసపడితే కేబుల్ తప్పు. ఆడియో ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఐసొలేషన్ బాక్సు నుంచి మోనో కేబుల్‌తో తీసుకుంటే ఈ బాధ ఉండదు.

ఆ బాక్సు హమ్మింగ్‌ని కూడా ఆపుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్. మిక్సర్ ఒక బోర్డు నుంచి, మీ లాప్‌టాప్ ఇంకో బోర్డు నుంచి కరెంటు తీసుకుంటే రెండు ఎర్తులకీ మధ్య తేడా 50, 100 హెర్ట్జ్‌ల దగ్గర మోతగా రికార్డులో చేరుతుంది. కచేరీ అయ్యేదాకా రికార్డరు, కెమెరా బ్యాటరీ మీదే నడపండి. ఇంకా మోత ఉంటే బాక్సు మీది గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ వేయండి. ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేసే పని మాత్రం ఎప్పుడూ, ఎవరు చెప్పినా చేయొద్దు. షామియానా, తడి నేల, జనరేటర్ కరెంటు ఉన్నచోట అది ప్రాణం తీసే పని. ఆడియో కేబుళ్లని లైట్ల కేబుళ్ల వెంట పరవకండి, కనీసం ఒక అడుగు ఎడం ఉంచండి. దాటించక తప్పకపోతే అడ్డంగా, లంబకోణంలో దాటించండి.

సొంత మైకులు ఎక్కడ పెట్టాలి

హాల్లో అయితే వేదికకు రెండు మూడు మీటర్ల ముందు, మనిషి తలకంటే ఎత్తులో, స్పీకర్లకు ఎదురుగా కాకుండా ఒక స్టీరియో జత చాలు. రెండు కార్డియాయిడ్ (ముందువైపు సౌండ్‌నే ఎక్కువగా పట్టే) మైకుల మధ్య 17 సెంటీమీటర్లు, వాటి ముఖాల మధ్య 110 డిగ్రీలు ఉండే ఓఆర్‌టీఎఫ్ అమరిక పంచరత్న గోష్ఠిగానానికి బాగా నప్పుతుంది. స్టాండుని చెక్క వేదిక మీద పెట్టకండి. గాయకుడు తొడ మీద తాళం వేస్తే ఆ దెబ్బ చెక్కలోంచి స్టాండులోకి, అక్కణ్నుంచి మైకులోకి ధబ్ ధబ్‌మని వస్తుంది. పెట్టక తప్పకపోతే షాక్ మౌంట్ వాడండి, కాళ్ల కింద దుప్పటి మడతలు వేయండి.

సన్నాయి, డోలుకు దగ్గరగా వెళ్లొద్దు, రెండు మూడు మీటర్లు వెనక్కి జరగండి. వీణ అందుకు పూర్తిగా వేరు, దానికి దగ్గర మైకో కాంటాక్ట్ మైకో లేకుండా పని జరగదు. హరికథకుడు నిలబడడు, తిరుగుతాడు. స్టాండు మైకు ముందు నుంచి పక్కకు జరిగితే కథ పోతుంది, కాబట్టి కాలర్ మైకు ఉండాలి. దాన్ని పూలదండ కింద దాచకండి, దండ రాపిడి కథంతా వినిపిస్తుంది. చిడతలు పట్టిన చేతికి అవతలి వైపు పెట్టండి. తప్పెటగుళ్లు, జమ్ముకుల కథ లాంటి ఉత్తరాంధ్ర కళలకు మైకు తగిలించడం కుదరని చోట పైనుంచి స్టీరియో జతే దిక్కు. 2.4 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్ సెట్లు ఖాళీ మైదానంలో బాగానే ఉంటాయి, వేలమంది ఫోన్ల మధ్య తెగిపోతుంటాయి. రిసీవర్‌ని వేదిక అంచుకు తెచ్చి పెట్టండి, జనం వెనక పెట్టొద్దు.

దూరం లెక్క కూడా గుర్తుండాలి. శబ్దం ఒక మీటరు రావడానికి సుమారు 3 మిల్లీసెకన్లు. 15 మీటర్ల వెనక ఉన్న మైకులో పాట దాదాపు 43 మిల్లీసెకన్లు ఆలస్యంగా ఉంటుంది, 25 ఫ్రేముల వీడియోలో ఒక ఫ్రేముకు పైనే. మిక్సర్ ట్రాక్‌తో దాన్ని సర్దకుండా కలిపితే మృదంగం ప్రతి దెబ్బా రెండుసార్లు పడుతుంది. మొదట్లోనూ చివర్లోనూ వేదిక దగ్గర గట్టిగా ఒక చప్పట్లు కొట్టి అన్ని పరికరాల్లోనూ రికార్డు చేయించండి. రెండు గంటల్లో కెమెరా, రికార్డర్ గడియారాలు కొన్ని ఫ్రేములు జారడం మామూలే, చివరి చప్పట్లు లేకపోతే ఎంత జారిందో తెలీదు.

లెవెల్స్

కెమెరాలో ఆటో గెయిన్ (సౌండ్ లెవెల్‌ని తనంతట తానే పెంచి తగ్గించే సెట్టింగు) ఆపేయండి. అది ఉంటే ఆలాపన మధ్య విరామంలో ఫ్యాన్ల హోరు ఉప్పొంగుతుంది, పాట ఎత్తుకోగానే మొదటి అక్షరం నొక్కుకుపోతుంది. సౌండ్‌చెక్‌లో ఎవరూ పూర్తి గొంతుతో పాడరు, తని ఆవర్తనం (మృదంగం ఒక్కటే వినిపించే ఘట్టం) అంత జోరుగా మృదంగం వాయించరు. అందుకని సౌండ్‌చెక్‌లో సగటు మైనస్ 20 డీబీ దగ్గర (మీటరులో 0 అంటే పై హద్దు), ఎత్తులు మైనస్ 12 దగ్గర ఉండేట్టు పెట్టండి. కచేరీలో అవి మైనస్ 6కు ఎక్కినా నష్టంలేదు. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో ఇంత తగ్గించినా నాణ్యత పోదు. 32 బిట్ ఫ్లోట్ (ఎంత పెద్ద సౌండైనా రికార్డర్‌లో పగలకుండా పట్టే ఫార్మాట్) రికార్డర్ ఉందని ధీమా పడకండి: మిక్సర్ దగ్గరో మైకులోనో పగిలివచ్చిన సౌండ్ అందులోనూ పగిలే ఉంటుంది.

24 బిట్ స్టీరియో గంటకు సుమారు 1 గిగాబైటు, నాలుగు ట్రాకులైతే 2. మామూలు వేవ్ ఫైలు 4 గిగాబైట్లు దాటదు, కొన్ని రికార్డర్లు 2 దగ్గరే కొత్త ఫైలు మొదలుపెడతాయి. మీది అతుకు దగ్గర క్షణం వదిలేస్తుందో లేదో ఇంట్లోనే పరీక్షించండి.

బీచ్‌రోడ్డులో గాలి, ఉప్పు, తేమ

మైకుతో వచ్చే నురుగు తొడుగు ఆర్కే బీచ్ గాలికి చాలదు. బొచ్చు తొడుగు వేయండి, మైకుని వేదిక వెనక పరదా ఆనుకున్నట్టు గాలి మరుగున పెట్టండి. లో-కట్ (బొంగురు మోతల్ని కోసేసే ఫిల్టరు) 80 హెర్ట్జ్ దాకా పర్వాలేదు. 120కి తీసుకెళితే మృదంగం తొప్పి (ఎడమవైపు మూత) గుంకీ సన్నబడిపోతుంది. ఎడిటింగ్‌లో తీసేద్దామని గాలి చప్పుడుని వదిలేయొద్దు, అది మైకు ప్రీయాంప్‌నే (మైకు సిగ్నల్‌ని పెంచే తొలి దశ) పొంగించేస్తే ఆ క్షణంలో పాట కూడా పోతుంది. జనరేటర్‌ని వేదిక వెనక, గాలి వాలుకి అవతల, వీలైనంత దూరం పెట్టించమని నిర్వాహకుల్ని ముందురోజే అడగండి. డిసెంబరు 4 నేవీ డే విన్యాసాలు ఇక్కడే జరిగే ఏడాది ముందు రోజుల్లో రిహార్సల్ విమానాలు తిరుగుతాయి, బీచ్ వైపు పగటి షూటింగు పెట్టుకునేముందు వేళలు కనుక్కోండి.

ఏసీ కారులోంచి మైకు తీసి సముద్రపు గాలిలో పెడితే దానిమీద చెమ్మ పడుతుంది, కండెన్సర్ మైకు చిటపటలాడుతుంది. సంచి మూసే ఉంచి అరగంట బయట వదిలేశాక తెరవండి. సంచిలో సిలికా జెల్ పొట్లాలు ఉండాలి, రంగు మారితే మార్చాలి. ఇంటికొచ్చాక పిన్నులన్నీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడవండి, ఉప్పు పేరుకున్న పిన్నే తర్వాతి కచేరీలో గరగర. మైకు లోపలి పొరను మాత్రం ముట్టుకోవద్దు. తుడవడానికి ముందే కార్డుల్లోని ఫైళ్లు రెండు చోట్లకు ఎక్కించి, ప్రతి ఫైలు మొదట్లో, మధ్యలో, చివర్లో తెరిచి వినండి. అప్పటిదాకా కార్డు ఫార్మాట్ చేయకండి.