పిల్లి పారాసిటమాల్ మింగితే

పిల్లికి పారాసిటమాల్ విషం. ఇంత వరకు ఫరవాలేదనే మోతాదే లేదు. కిలో బరువుకి 10 మి.గ్రా.కే జబ్బుపడ్డ పిల్లులున్నాయి. నాలుగు కిలోల పిల్లికి ఒక్క డోలో 650 అంటే కిలోకి 160 మి.గ్రా. పైమాటే. మన కాలేయం ఈ మందును విరిచి బయటికి పంపే ఎంజైము పిల్లికి దాదాపు లేదు. దాంతో మందు ఎర్రకణాలను దెబ్బతీసి, హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ మోయలేని మెథిమోగ్లోబిన్‌గా మార్చేస్తుంది. ఒళ్లు కాలుతోందని ప్రేమకొద్దీ అర మాత్ర వేసిన కేసులే చాలా. దయచేసి వేయకండి.

మింగిందని అనుమానం వచ్చినా లక్షణాల కోసం ఎదురుచూడొద్దు. ఉప్పునీళ్లు, హైడ్రోజన్ పెరాక్సైడ్ పట్టి వాంతి చేయించొద్దు, పెరాక్సైడ్‌తో కడుపులో పుండ్లు పడతాయి. బయల్దేరే ముందే డాక్టరుకి ఫోన్ చేసి దీనికి విరుగుడైన ఎన్-ఎసిటైల్ సిస్టీన్ (ఎన్.ఎ.సి.) ఉందా అని అడగండి. లేకపోతే పెద్దాసుపత్రుల దగ్గరి మెడికల్ షాపుల్లో వెతకాలి. మాత్రల స్ట్రిప్ వెంట తీసుకెళ్లండి. కాంబిఫ్లామ్ అయితే అందులో ఐబుప్రోఫెన్ కూడా ఉంటుంది, కిడ్నీలనూ చూసుకోవాలి.

ఒకటి నుంచి నాలుగు గంటల్లో చిగుళ్లు చాక్లెట్ రంగుకి తిరుగుతాయి. ఆయాసం, చొంగ, ముఖం, పాదాల వాపు, ముదురు మూత్రం కనబడతాయి. వడపోత కాగితం మీద ఓ రక్తపు చుక్క వేసి చూడండి. ఆరోగ్యంగా ఉన్న పిల్లి రక్తం గాలి తగలగానే ఎర్రబడుతుంది, దీనిది గోధుమరంగులోనే ఉండిపోతుంది. పల్స్ ఆక్సీమీటర్‌ను నమ్మొద్దు, మెథిమోగ్లోబిన్ ఎక్కువైతే అది 85 దగ్గరే తచ్చాడుతుంది.

మింగి రెండు గంటలు దాటకుండా, పిల్లి హుషారుగా ఉంటేనే డాక్టరు వాంతి ఇంజెక్షన్ ఇస్తారు. తర్వాత కిలోకి 1 గ్రాము యాక్టివేటెడ్ చార్‌కోల్ (కడుపులోని విషాన్ని పీల్చే బొగ్గుపొడి).

అసలు విరుగుడు ఎన్.ఎ.సి. మొదటి డోసు కిలోకి 140 మి.గ్రా., ఆపైన 70 మి.గ్రా. చొప్పున ఆరు గంటలకోసారి, కనీసం ఏడుసార్లు. నాలుగు కిలోల పిల్లికి మొదట 560 మి.గ్రా. కావాలి. అంటే 200 మి.గ్రా./మి.లీ. ఆంప్యూల్ నుంచి 2.8 మి.లీ. దానికి 8.4 మి.లీ. 5% డెక్స్‌ట్రోజ్ కలిపి, అరగంట నుంచి గంటసేపు నెమ్మదిగా నరంలోకి ఎక్కించాలి. గబుక్కున తోస్తే బీపీ పడిపోవచ్చు. నరం దొరక్కపోతే నోటి ద్వారా ఇవ్వొచ్చు, కానీ చార్‌కోల్‌కీ దానికీ మధ్య రెండు గంటల ఎడం తప్పనిసరి, లేదంటే బొగ్గు మందునే పీల్చేస్తుంది.

ఆక్సిజన్ పెట్టాలి, బలవంతంగా పట్టుకుని హైరానా పెట్టకూడదు. కిలోకి 30 మి.గ్రా. విటమిన్ సి ఆరు గంటలకోసారి కొందరు ఇస్తారు. పి.సి.వి. (రక్తంలో ఎర్రకణాల శాతం) 20 కన్నా పడిపోతే రక్తం ఎక్కించాల్సి రావచ్చు. రంగు తేరుకున్నా మూడు రోజుల పాటు పి.సి.వి., కాలేయ పరీక్షలు మళ్లీ చేయించండి, దెబ్బతిన్న కణాలు ఆ తర్వాత కూడా రాలుతూ ఉంటాయి.