హైకింగ్ క్లబ్ నడకలు: వెనకబడ్డవాళ్ళు మళ్ళీ రావాలంటే ఎలా ప్లాన్ చెయ్యాలి

యూనివర్సిటీలో హైకింగ్ క్లబ్ మొదలెట్టడం పెద్ద కష్టం కాదండి, కొత్త బ్యాచ్ వచ్చిన వారంలో ఒక టేబుల్ వేసుకుని కూర్చుంటే బోలెడుమంది పేర్లు రాసేస్తారు, మొదటి నడకకి బస్సు నిండిపోతుంది. రెండో నడకకి అందులో సగం మంది కూడా రారు, అక్కడుంది అసలు సమస్య. నేను క్లబ్‌లో లీడర్‌గా ఉన్న రోజుల్లో మానేసినవాళ్ళని ఒక్కొక్కర్నీ అడిగా, కొండ ఎక్కలేక మానేశామని చెప్పినవాళ్ళు తక్కువ, అందరూ ముందుకెళ్ళిపోయి నేనొక్కణ్ణే వెనక మిగిలిపోయా అన్నవాళ్ళే ఎక్కువ. అందుకే ఇక్కడ రాసేదంతా ఆ చివర నడిచే మనిషిని దృష్టిలో పెట్టుకునే రాస్తున్నా.

ముందు రూటు సంగతి. మొదటి నడక 8 నుంచి 10 కిలోమీటర్లు, ఎక్కుడు మొత్తం 300 మీటర్లు దాటకుండా చూస్కోండి, మధ్యలో ఎవరికైనా బాలేకపోతే రోడ్డు మీదకి దిగిపోయే దారి ఒకటుంటే ఇంకా మంచిది. కనీసం ఇద్దరు లీడర్లు ముందే వెళ్ళి ఆ దారంతా నడిచి రావాలి, మ్యాప్‌లో చూశాం కదా సరిపోతుందిలే అనుకోవద్దు, వాగు ఎంత పారుతోందో, కంప ఎక్కడ అడ్డుపడిందో మ్యాప్ చెప్పదు.

టైం లెక్కకి విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు 1892లో చెప్పిన సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది, ఇప్పుడు మనం వాడే లెక్కలో 5 కిలోమీటర్లకి ఒక గంట, పైకి ఎక్కే ప్రతి 600 మీటర్లకి ఇంకో గంట. అంటే 10 కిలోమీటర్లు, 300 మీటర్ల ఎక్కుడు ఉంటే రెండున్నర గంటలు. కానీ అది అలవాటున్నవాళ్ళు ఆగకుండా నడిస్తే వచ్చే లెక్క! కొత్తవాళ్ళున్న గ్రూపుకి నేను దాన్ని ఒకటిన్నర రెట్లు చేసి, ఆగేవాటికి ఇంకో గంట కలుపుతా, మొత్తం ఐదు గంటలకి దగ్గర్లో వస్తుంది, దాదాపు ప్రతిసారీ అంతే పట్టింది కూడా. చీకటి పడడానికి రెండు గంటల ముందే కిందకి వచ్చేసేలా అక్కణ్ణుంచి వెనక్కి లెక్కేసుకుని పొద్దున ఎన్నింటికి బయల్దేరాలో పెట్టుకోండి.

దాంతోపాటే వెనక్కి తిరిగే టైం ఒకటి బయల్దేరేముందే అందరి ముందూ చెప్పెయ్యాలి. ఒంటిగంటకి అంటే ఒంటిగంటకే, శిఖరం కళ్ళెదురుగా కనిపిస్తున్నా సరే. ఒకసారి మేం మాట తప్పాం, ఇంకో అరగంటే కదా అని పైకెళ్ళాం, దిగేసరికి బాగా చీకటి పడిపోయింది, పదకొండుమందికి రెండే హెడ్‌ల్యాంపులు, ఒకమ్మాయికి చీలమండ బెణికింది, ఇద్దరం చెరోవైపు పట్టుకుని నడిపించుకొచ్చాం. ఆ రాత్రి ఆ అమ్మాయి ఏడవకుండా పళ్ళు బిగబట్టుకుని నడవడం నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది, ఆ తర్వాత ఎప్పుడూ టైం విషయంలో నేను మెత్తబడలేదు.

ఇక నడిచేటప్పుడు. ముందు ఒక లీడర్, చివర ఒక స్వీప్, అంటే అందరికన్నా వెనక నడుస్తూ ఎవరూ తప్పిపోకుండా చూసుకునే మనిషి ఉండాలి, స్వీప్ వెనక ఇంకెవరూ ఉండకూడదు. చాలా క్లబ్బుల్లో బాగా అనుభవమున్నవాళ్ళని ముందు పెట్టి, ఖాళీగా ఉన్న ఎవరో ఒకర్ని స్వీప్‌గా వేస్తారు, నా లెక్కలో అది తలకిందులు. దెబ్బ తగిలినా, నీరసం వచ్చినా, భయం వేసినా మనిషి వెనకబడతాడు కాబట్టి ఫస్ట్ ఎయిడ్ వచ్చినవాళ్ళు, ఓపికగా మాట్లాడేవాళ్ళు అక్కడే ఉండాలి, ఫస్ట్ ఎయిడ్ కిట్ కూడా వాళ్ళ బ్యాగులోనే. దారి రెండుగా చీలిన ప్రతిచోటా ముందువాళ్ళు ఆగి చివరివాళ్ళు కనబడ్డాకే కదలాలి, కదిలేముందు తలలు లెక్కపెట్టుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యమైంది ఇది: ముందువాళ్ళు వచ్చి పది నిమిషాలు కూర్చుంటారు, నీళ్ళు తాగుతారు, ఫొటోలు దిగుతారు, చివరి మనిషి రొప్పుతూ వచ్చేసరికి పదండి పదండి అని లేచిపోతారు. అంటే ఎక్కువ అలిసిపోయినవాళ్ళకే రెస్ట్ లేదు! బ్రేక్ టైం చివరి మనిషి వచ్చి కూర్చున్నాకే మొదలవ్వాలి, ఈ ఒక్కటి పాటించినా మీ క్లబ్‌లో మనుషులు నిలబడతారు. అందరికన్నా నెమ్మదిగా నడిచేవాళ్ళని లీడర్ వెనకాలే రెండోవాళ్ళుగా పెట్టి చూడండి, గ్రూపు మొత్తం వాళ్ళ స్పీడ్‌కి దానంతటదే సర్దుకుంటుంది, వాళ్ళకీ నా వల్లే లేటు అన్న ఫీలింగ్ ఉండదు.

బట్టల విషయంలో జీన్స్, కాటన్ టీషర్ట్ వద్దని ముందే చెప్పండి, కాటన్ చెమట పీల్చుకుని తొందరగా ఆరదు, పైన గాలి కొడితే ఒళ్ళు చల్లబడిపోతుంది. ప్రతి 1000 మీటర్ల ఎత్తుకి సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి కింద ఎండగా ఉందని మోసపోవద్దు. కొత్త బూట్లు నడకరోజే మొదటిసారి వేసుకోవద్దు, మడమ దగ్గర మంటగా అనిపించగానే ఆగి టేప్ వెయ్యాలి, బొబ్బ వచ్చాక వేస్తే సగమే లాభం. ఇవన్నీ కొనమంటే కొందరు సైలెంట్‌గా గ్రూపులోంచి వెళ్ళిపోతారు, డబ్బుల్లేవని ఎవరూ నోరు తెరిచి చెప్పరు. అందుకే క్లబ్ డబ్బుతో ముందు హెడ్‌ల్యాంపులు, రెయిన్ జాకెట్లు, బ్యాగులు కొని అడగకముందే ఇవ్వండి. టెంట్లు ఆరబెట్టకుండా మడిచి పెట్టొద్దు, బూజు పట్టేస్తాయి.

ఉరుముల సంగతి తప్పకుండా నేర్పించండి, మెరుపు కనిపించాక 30 సెకన్లలోపు ఉరుము వినిపిస్తే పిడుగు 10 కిలోమీటర్లలోపే ఉందని అర్థం, కొండ గట్టు మీంచి వెంటనే దిగెయ్యాలి, చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. విజిల్ అందరి మెడలోనూ ఉండాలి, సాయం కావాలంటే నిమిషంలో ఆరుసార్లు ఊది ఒక నిమిషం ఆగి మళ్ళీ ఊదాలి, విన్నవాళ్ళు మూడుసార్లు ఊది జవాబివ్వాలి. ఫోన్‌లో మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది, అయినా కాగితం మ్యాప్ ఒకటి ఉంచుకోండి. వాగు నీళ్ళు తాగాల్సొస్తే ఒక నిమిషం తెర్లనివ్వాలి, 2000 మీటర్ల పైన మూడు నిమిషాలు. దొడ్డికి వెళ్ళాల్సొస్తే నీళ్ళకి 60 మీటర్ల దూరంలో జానెడు లోతు గుంట తవ్వి కప్పెయ్యాలి, ఇది చెప్పడానికి సిగ్గుపడొద్దు, అమ్మాయిలు ముఖ్యంగా ఇదెవరూ చెప్పక నీళ్ళు తాగడం మానేసి నీరసపడిపోతారు.

పరీక్షలప్పుడు పెద్ద నడకలు పెట్టకండి, సాయంత్రం గంటసేపు తిరిగొస్తే చాలు. మధ్యలో లాన్‌లో టెంట్ వెయ్యడం, మ్యాప్ చూడ్డం నేర్పే సాయంత్రాలు పెడితే నడవలేనివాళ్ళు కూడా క్లబ్‌లో భాగమవుతారు.

ఇంకోటి, ఫైనలియర్ వాళ్ళు వెళ్ళిపోతే తెలిసిందంతా వాళ్ళతోనే పోతుంది. కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ మౌంటెనీరింగ్ క్లబ్ 1905 నుంచి, అమెరికాలో డార్ట్‌మౌత్ ఔటింగ్ క్లబ్ 1909 నుంచి నడుస్తున్నాయి, స్టూడెంట్లు మూడు నాలుగేళ్ళకోసారి మారిపోతూ ఉన్నా సరే. మీరు కూడా ప్రతి నడకకీ ఒక పేజీ రాసిపెట్టండి, ఎన్నింటికి ఎక్కడున్నారు, దారి ఎక్కడ తప్పారు, ఎక్కడ నీళ్ళు దొరికాయి, ఎవరు ఇబ్బంది పడ్డారు. ఆ రాత్రే రాయాలి, మర్నాటికి సగం మర్చిపోతాం. రాశాక పడుకునేముందు ఆ రోజు చివర నడిచినవాళ్ళకి ఫోన్ చేసి కాళ్ళెలా ఉన్నాయని అడిగి, వచ్చే నడక ఎప్పుడో చెప్పండి.