హైదరాబాద్‌కి కొత్తగా వచ్చి సెకండ్ హ్యాండ్ టర్బో కారు కొంటున్నవాళ్లకి: కింద క్యాట్ (పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్) ఉందో లేదో చూసుకోండి

అమెరికా నుంచో గల్ఫ్ నుంచో తిరిగొచ్చి కొండాపూర్, నల్లగండ్ల వైపు ఇల్లు తీసుకున్నవాళ్లు గ్యాస్ కనెక్షన్, పిల్లల స్కూలు అయ్యాక పడేది కారు మీదే. కొత్తదానికి వెయిటింగ్ అంటారు, సరే ఒకట్రెండేళ్లకి సెకండ్ హ్యాండ్ చాల్లే అనుకుంటాం, ఎలాగూ ఓఆర్ఆర్ ఎక్కుతాం కదా అని టర్బో పెట్రోల్ చూస్తాం. నేనూ డల్లాస్ నుంచి వచ్చిన రెండో నెలలో అదే చేశా. 2019 మోడల్, బీఎస్4, 46 వేల కిలోమీటర్లు, ఆర్సీ క్లియర్, చలాన్లు లేవు, టైర్లు కొత్తవి. టెస్ట్ డ్రైవ్‌లో పికప్ చూసి ఆ రోజే టోకెన్ ఇచ్చేశా.

రెండు వారాలకి మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో బండి స్టార్ట్ చేసి ఏసీ వేసి కూర్చున్నాం, మా పాప "నాన్నా కళ్లు మండుతున్నాయి" అంది. నాకూ పచ్చి పెట్రోల్ లాంటి ఘాటు వాసన తగిలింది. మర్నాడు బంకు దగ్గర పొల్యూషన్ వ్యాన్‌లో చెక్ చేయిస్తే కార్బన్ మోనాక్సైడ్ 1.9 శాతం చూపించింది, బీఎస్4 పెట్రోల్ కారుకి ఐడిల్‌లో లిమిట్ 0.3 మాత్రమే. అక్కడి నుంచి నేరుగా మియాపూర్‌లో తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే లిఫ్ట్ ఎక్కించి టార్చ్ కొట్టి చూసి "సార్, దీంట్ల క్యాట్ లేదు, ఉత్త పైపు పెట్టిన్రు" అన్నాడు.

క్యాట్ అంటే క్యాటలిటిక్ కన్వర్టర్. స్టీలు డబ్బాలో తేనెపట్టులా సన్న సన్న కన్నాలున్న సిరామిక్ దిమ్మ ఉంటుంది, దాని మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత. ఇంజిన్ నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్, కాలని పెట్రోల్, నైట్రోజన్ ఆక్సైడ్లు దాని గుండా పోయేటప్పుడు చాలావరకు కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి, నైట్రోజన్‌గా మారిపోతాయి. అది పనిచేయాలంటే బాగా వేడెక్కాలి, టర్బో, అంటే పొగ వేగంతో తిరుగుతూ ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి నెట్టే ఫ్యాన్, ఎగ్జాస్ట్ వేడిని కొంత తినేస్తుంది కాబట్టి చాలా టర్బో పెట్రోల్ కార్లలో క్యాట్‌ని టర్బోకి ఆనుకుని, దాన్నుంచి పొగ బయటికి వచ్చే మొదటి పైపులోనే (డౌన్‌పైప్) పెడతారు. మన సమస్యకి మూలం కూడా అదే, ఎందుకంటే పొగ అడ్డు లేకుండా పోతే పవర్ పెరుగుతుందని పవర్ కావాలనుకునేవాళ్లు ముందు తీసేసేది ఆ డౌన్‌పైప్‌నే.

అమెరికాలో రాత్రికి రాత్రి బండి కింద దూరి క్యాట్ కోసుకుపోతారని మనందరికీ తెలుసు, ప్రియస్ ఉన్నవాళ్లకి ఇంకా బాగా తెలుసు. 2021లో రోడియం ఔన్సు 25 వేల డాలర్లు దాటింది, అప్పుడు బంగారం 2 వేల లోపే ఉంది, దొంగల కళ్లు ఎందుకు పడ్డాయో అర్థమవుతుంది. నా బండిలో మాత్రం దొంగ ఎవరూ లేడు. పాత ఓనరే స్టేజ్ 2 రీమ్యాప్ (పవర్ కోసం ఇంజిన్ కంప్యూటర్ ప్రోగ్రామ్ మార్చడం) చేయించి క్యాట్ లేని డౌన్‌పైప్ వేయించుకున్నాడు, అమ్మేటప్పుడు ఆ ముక్క చెప్పలేదు, డీలర్ కింద చూడలేదు, నేనూ చూడలేదు.

మామూలు ఇంజిన్‌లో క్యాట్ తీసేస్తే సౌండ్‌కే వీధంతా తిరిగి చూస్తుంది, టర్బోలో టర్బైనే సౌండ్‌ని కొంత మింగేస్తుంది కాబట్టి అంత తేలిగ్గా దొరకదు. చెక్ ఇంజిన్ లైట్ వెలగాలి కదా అంటారా, క్యాట్ తర్వాత ఉండే రెండో ఆక్సిజన్ సెన్సార్ తేడా కనిపెట్టి క్యాట్ సరిగా పనిచేయట్లేదని చెప్పే పీ0420 కోడ్ వేయాలి నిజమే, కానీ రీమ్యాప్‌లో ఆ చెక్‌నే ఆపేస్తారు. అందుకే కారు కంప్యూటర్‌లో ఏముందో చదివే ఓబీడీ డాంగిల్ ఒకటి కొనుక్కుని ఫోన్‌కి కలిపి మీరే చూసుకోండి. కోడ్లు లేవని సంతోషపడిపోకండి, రెడీనెస్ మానిటర్లు, అంటే కారు తనని తాను చెక్ చేసుకోవడం పూర్తయిందో లేదో చూపించేవి, చూడండి. క్యాటలిస్ట్ మానిటర్ ఇన్‌కంప్లీట్ అని ఉంటే ఈ మధ్యే కోడ్లు చెరిపేసి ఉండొచ్చు, అసలు సపోర్ట్ లేదని చూపిస్తే రీమ్యాప్‌లో ఆపేసి ఉండొచ్చు. ఇంజిన్ వేడెక్కాక రెండో సెన్సార్ వోల్టేజ్ 0.6, 0.7 దగ్గర దాదాపు నిలకడగా ఉండాలి, 0.1 నుంచి 0.9కి ఆగకుండా ఊగుతుంటే క్యాట్ లేదనో చచ్చిపోయిందనో అనుమానించాలి.

ఇంకో మోసం ఉంది, ఇది జాగ్రత్తగా వినండి. బయటికి కంపెనీ డబ్బా అలాగే ఉంటుంది, లోపల దిమ్మ పగలగొట్టి తీసేసి మళ్లీ వెల్డింగ్ చేసేస్తారు. లిఫ్ట్ మీద చూసినా తెలియదు. వెల్డింగ్ గీత కొత్తగా, వంకరగా ఉందేమో చూడాలి, అనుమానమొస్తే సెన్సార్ విప్పి ఆ రంధ్రంలోంచి సన్న కెమెరా పెట్టించండి, తేనెపట్టు కనిపించాలి. ఈ పనంతా టోకెన్ ఇవ్వకముందే. లిఫ్ట్ ఎక్కించడానికి ఒప్పుకోని అమ్మకందారు దగ్గర నేనైతే బండి కొనను.

పేపర్ల సంగతి. అమెరికాలో బండి పాత చరిత్రంతా చూపించే కార్‌ఫ్యాక్స్ లాంటిది ఇక్కడ ఉంటుందని చూడకండి. ప్రభుత్వ యాప్ ఎంపరివాహన్‌లో ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ తేదీలు తెలుస్తాయి అంతే, బండికి ఏమేం చేశారో తెలియదు, కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఛాసిస్ నంబర్ చెప్పి సర్వీస్ హిస్టరీ అడగండి. ట్రాన్స్‌ఫర్ అయ్యాక బండి బాధ్యత మీదే. కంపెనీ స్పెసిఫికేషన్ మార్చడం మోటార్ వాహనాల చట్టం సెక్షన్ 52 ఒప్పుకోదు, పొల్యూషన్ రూల్ తప్పితే సెక్షన్ 190(2) కింద 10 వేల వరకు ఫైన్, 3 నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. డీలర్ దగ్గర కొని ఉంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి రెండేళ్లలోపు వెళ్లొచ్చు, 5 లక్షల లోపు కొన్నదైతే ఫీజు కూడా లేదు. మనిషి నుంచి మనిషి కొనుక్కున్నదానికి ఆ దారి ఉండదు, అందుకే బండికి ఏ మార్పులూ లేవని అమ్మేవాళ్ల చేత కనీసం వాట్సాప్‌లోనైనా రాయించుకోండి.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లకి, ముందు పాత ఓనర్‌కి ఫోన్ చేయండి. కంపెనీ పార్ట్‌కి నాకు ఇచ్చిన కొటేషన్ లక్ష దాటింది, రాణిగంజ్‌లో దొరికే యూనివర్సల్ (ఏ బండికైనా పెట్టే) క్యాట్ వేసేద్దామనుకుంటుంటే మా మెకానిక్కే "పాతది ఎవరూ పారేయరు సార్, అడిగి చూడండి" అన్నాడు. కోపం దిగమింగుకుని మర్యాదగా అడిగా, ఒరిజినల్ డౌన్‌పైప్ గోనెసంచిలో చుట్టి ఇంటి అటక మీద ఉందట, ఆ ఆదివారమే వెళ్లి తెచ్చుకున్నా. గాస్కెట్లు, నట్లు కొత్తవి వేయించండి, ఆ రీమ్యాప్ కూడా తీయించి కంపెనీ మ్యాప్ వేయించండి, లేకపోతే క్యాట్ చెక్ ఆఫ్‌లోనే ఉండిపోతుంది, మిక్చర్‌లో పెట్రోల్ ఎక్కువై తెచ్చి పెట్టిన క్యాట్ కూడా కాలిపోతుంది. తర్వాత ఓ మూడు రోజులు సిటీలో కొంత, ఓఆర్ఆర్ మీద కొంత తిప్పి క్యాటలిస్ట్ మానిటర్ కంప్లీట్ అయ్యాకే మళ్లీ పొల్యూషన్‌కి వెళ్లండి. నాకు రెండోసారి 0.03 వచ్చింది.