కారు ఇంజిన్ ఆయిల్ ఎంత తాగుతోందో ఇంట్లోనే కొలవడం ఎలా?

"బండి ఆయిల్ తాగుతోందండీ" అని మెకానిక్ అనగానే ఇంజిన్ బోరుకొచ్చిందని, అంటే సిలిండర్ల లోపలి గోడలు (బోరు) అరిగిపోయాయని కంగారు పడక్కర్లేదు. ప్రతి ఇంజినూ కాస్తో కూస్తో తాగుతుంది. పిస్టన్ ఆడాలంటే సిలిండర్ గోడకు పల్చటి ఆయిల్ పొర ఉండాలి. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు దాన్ని కిందికి గీకేసినా, అంటుకుని మిగిలిన కాస్తా ఇంధనంతోపాటే కాలిపోతుంది. ఎంత కాలుతోందన్నది మాత్రం కొలిస్తేనే తెలుస్తుంది.

ముందుగా బండిని చదునైన చోట ఆపండి. ఇంటి ముందు ర్యాంపు మీద కొలిస్తే లెక్క మొత్తం తప్పుతుంది. ఇంజిన్ వేడెక్కాక ఆపేసి, ఆయిలంతా చాంబర్‌లోకి (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) దిగడానికి 10 నిమిషాలు ఆగండి. కొన్ని బండ్లకు చల్లగా ఉన్నప్పుడే చూడమని మాన్యువల్‌లో ఉంటుంది, అలాంటప్పుడు అదే పాటించండి. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే గీతలున్న కడ్డీ) తీసి, పీచు రాలని గుడ్డతో తుడిచి, మళ్లీ చివరిదాకా దింపి తీయండి. రెండు వైపులా చూడండి. ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ కనిపిస్తే తక్కువదే లెక్క.

ఇప్పుడు పై గీత వరకు ఆయిల్ నింపండి. ఒక్కసారిగా వంచేయకుండా 100–200 మిల్లీలీటర్లు పోసి, ఐదు నిమిషాలు ఆగి చూస్తూ పోయండి. గీత దాటితే పిస్టన్ల కింద తిరిగే క్రాంక్ షాఫ్ట్ ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది, ఆ తుంపర బ్రీదర్ గొట్టం గుండా ఇంజిన్‌లోకే వెళ్లి కాలుతుంది. అంటే ఎక్కువ పోసినందుకే ఎక్కువ తాగుతుంది. నింపాక ఓడోమీటర్ అంకె రాసుకోండి.

ఇక మామూలుగా తిరగండి. 500 కిలోమీటర్లకోసారి డిప్‌స్టిక్ చూస్తూ ఉండండి, కొలత కోసమని కింది గీత దాకా ఎప్పుడూ పోనివ్వొద్దు. చాలా కార్లలో రెండు గీతల మధ్య పట్టేది సుమారు ఒక లీటరు, చిన్న ఇంజిన్లలో కొంచెం తక్కువ. 2,000 కిలోమీటర్లు దాటాక, మొదట కొలిచిన చోటే, అదే పద్ధతిలో మళ్లీ పై గీత వరకు నింపండి. ఎంత పోశారో చూడ్డానికి వంటింటి డిజిటల్ కాటా చాలు. డబ్బాను పోయకముందు, పోశాక తూచండి. లీటరు ఇంజిన్ ఆయిల్ సుమారు 850 గ్రాములు ఉంటుంది. 298 గ్రాములు తగ్గిందంటే 350 మిల్లీలీటర్లు పోసినట్టు. మీరు తిరిగింది 2,400 కిలోమీటర్లయితే, 1,000 కిలోమీటర్లకు దాదాపు 146 మిల్లీలీటర్లు.

ఈ అంకె మంచిదా చెడ్డదా? 100 లోపుంటే పట్టించుకోనక్కర్లేదు. 100–300 మధ్య ఉంటే డిక్కీలో అదే గ్రేడ్ ఆయిల్ డబ్బా ఒకటి పెట్టుకుని, రెండు నెలలకోసారి మళ్లీ కొలవండి. 300 దాటితే కారణం వెతకాల్సిందే. కొన్ని కంపెనీల మాన్యువల్స్‌లో 1,000 కిలోమీటర్లకు లీటరు వరకు మామూలేనని ఉంటుంది. దాన్ని చూసి ధీమాగా ఉండొద్దు. చాంబర్‌లో పట్టేదే 3–4 లీటర్లయితే, ఆ లెక్కన 10,000 కిలోమీటర్ల సర్వీసు వచ్చేలోపు పది లీటర్లు పోయాలి! కొత్త ఇంజిన్‌కు మాత్రం రింగులు సర్దుకునే మొదటి కొన్ని వేల కిలోమీటర్లలో కొంచెం ఎక్కువ తాగడం సహజం.

ఎర్ర ఆయిల్ దీపం వెలిగేదాకా ఆగొద్దు. అది చెప్పేది మట్టం గురించి కాదు, ప్రెషర్ పడిపోయిందని. అది వెలిగితే ఇంజిన్ వెంటనే ఆపేయాలి.

కారణం వెతికేటప్పుడు ఖర్చు లేనివాటితో మొదలుపెట్టండి. రాత్రి ఇంజిన్ కింద అట్టముక్క పరచండి. పొద్దున మరకలుంటే అది కారడమే, కాలడం కాదు. డ్రెయిన్ బోల్టు వాషర్, వాల్వ్ కవర్ గ్యాస్కెట్, క్రాంక్ ఆయిల్ సీళ్లు చూడాలి. తర్వాత పీసీవీ వాల్వ్, అంటే ఇంజిన్ లోపల పోగయ్యే ఆవిరిని మళ్లీ గాలి పీల్చే దారిలోకి పంపేది. ఇది పట్టేసినా ఆయిల్ లోపలికి లాగేస్తుంది, చాలా బండ్లలో మార్చడం తేలిక.

ఆ తర్వాత పొగ. పొద్దున స్టార్ట్ చేయగానే ఓసారి నీలంగా వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్లను (వాల్వుల వెంబడి ఆయిల్ సిలిండర్‌లోకి జారకుండా ఆపేవి) అనుమానించాలి. పెట్రోల్ కారులో తిరుమల ఘాట్ లాంటి దారిలో యాక్సిలరేటర్ వదిలేసి గేరులో చాలాసేపు దిగి, కింద మళ్లీ తొక్కగానే నీలం పొగ గుప్పుమన్నా మొదటి అనుమానం వాటిమీదే. లోడు మీద ఎక్కుతున్నంతసేపూ పొగ వస్తుంటే రింగులు. టర్బో బండి అయితే టర్బో సీల్ కూడా చూడాలి. స్పార్క్ ప్లగ్గులు విప్పితే, కొన నల్లగా, జిడ్డుగా ఉన్నది ఏ సిలిండర్‌లో తాగుతోందో చెబుతుంది. మర మాత్రమే తడిసి కొన పొడిగా ఉంటే పైనుంచి గ్యాస్కెట్ కారుతోందన్నమాట.

డీజిల్ కారులో డిప్‌స్టిక్ మీద ఆయిల్ పెరుగుతూ కనిపిస్తే సంతోషించొద్దు. ఊళ్లో చిన్న చిన్న దూరాలే తిరిగి, డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) శుభ్రమయ్యే ప్రక్రియ మధ్యలోనే ఆగిపోతుంటే డీజిల్ ఆయిల్‌లో కలుస్తుంది. గీత దాటితే ఆయిల్ మార్చేయాలి.

"రింగులు పోయాయి, ఇంజిన్ దించాలి" అంటే ముందు కంప్రెషన్ పరీక్ష (ఒక్కో సిలిండర్‌లో ఎంత ఒత్తిడి వస్తుందో కొలవడం) చేయించండి. పెట్రోల్ ఇంజిన్‌లో, తక్కువ వచ్చిన సిలిండర్‌లో ఒకట్రెండు టీస్పూన్ల ఆయిల్ పోసి మళ్లీ కొలిస్తే అంకె బాగా పెరిగితే రింగులో బోరో అరిగినట్టు. పెరగకపోతే వాల్వుల వైపు చూడాలి. కంప్రెషన్ అన్నిట్లో బాగుండి కూడా తాగుతుంటే, ఆయిల్ రింగు కార్బన్‌తో బిగుసుకుపోయి ఉండొచ్చు, లేదా వాల్వ్ సీళ్లు గట్టిపడి ఉండొచ్చు. చాలా ఇంజిన్లలో సీళ్లు హెడ్ దించకుండానే మార్చొచ్చు కాబట్టి, ఆ సంగతి అడిగాకే ఇంజిన్ విప్పనివ్వండి.