అమూర్త చిత్రం చూడటం – మూడో పాఠం: గీత వెంట చెయ్యి

అమూర్త చిత్రం అంటే మనిషో చెట్టో అని గుర్తుపట్టే బొమ్మ లేకుండా, గీతలూ రంగులతోనే వేసింది. దాన్ని చూడటం అలవాటు కావడానికి పోయిన పాఠంలో ఇంటి గోడలో జానెడు చోటు చూసి రాయమన్నాను. చాలామంది ‘పాత గోడ’ అని రాసి ఆగిపోతారు. అది పేరు మాత్రమే. మనకు కావాల్సింది గోడకు ఏం జరిగిందో: సున్నం ఉబ్బింది, పెచ్చు రాలింది, ఎవరో గోరుతో గీకారు.

ఈసారి వాకిట్లోకి వెళదాం. మా హనుమకొండ పక్క పల్లెల్లో పొద్దున్నే సాంపి (పేడనీళ్లు) చల్లి ముగ్గేస్తారు. చెయ్యి నిదానించిన చోట పిండి కుప్ప పడుతుంది, ఉరికిన చోట గీత సన్నబడి తెగుతుంది. మూల తిరిగేటప్పటి తడబాటు కూడా దాగదు. మా అమ్మ ముగ్గు ఏదో, పక్కింటి ముగ్గు ఏదో నేను ఇలాగే గుర్తుపట్టేవాణ్ణి, డిజైన్ చూసి కాదు.

ఇప్పుడు ఫోన్‌లో అమెరికన్ చిత్రకారుడు జాక్సన్ పొలాక్ వేసిన ‘నంబర్ 1ఏ, 1948’ అనే చిత్రం తెరవండి. 1947 నుంచి ఆయన కాన్వాస్‌ను నేల మీద పరిచి, చుట్టూ తిరుగుతూ, కర్రలతో, గట్టిపడ్డ బ్రష్‌లతో రంగును ధారగా వదిలేవాడు. ఇళ్లకు వేసే ఎనామిల్ పెయింట్ కూడా వాడాడు, అది పల్చగా జారుతుంది కాబట్టి.

‘ఇందులో ఏముంది’ అని వెతికితే టెన్షన్ తప్ప ఏమీ రాదు. ఒక్క నల్ల గీత పట్టుకోండి. ఎక్కడ లావైంది? ఎక్కడ చుక్కలుగా చిందింది? దేని మీదుగా పోయింది, దేని కింద దూరింది? కింద ఉన్నది ముందు పడింది. అలా వరుస తెలుస్తుంది. పైన కుడివైపు చేతి ముద్రలున్నాయి. అవి చూస్తే నాకు, అలికిన అరుగు ఆరకముందే చెయ్యి ఆనించిన పిల్లాడు గుర్తొస్తాడు. మీకు ఇంకేదో రావచ్చు. ముందు కనిపించింది రాయండి, అనిపించింది ఆ తర్వాత.

ఒక ఇబ్బంది ఉంది. అసలు చిత్రం ఎత్తు సుమారు 173 సెంటీమీటర్లు, వెడల్పు 264. అంటే నిలువెత్తు మనిషి, దాదాపు తొమ్మిదడుగుల గోడ. ఫోన్‌లో రంగు మందమంతా చదునైపోతుంది. అందుకే జూమ్ చేసి ముక్కముక్కగా చూడండి.

అభ్యాసం: నేల మీద పాత పేపర్ పరిచి, ముగ్గుపిండి నీళ్లలో కలిపి, నిలబడి చెంచాతో ధార వదలండి. ఒకసారి నెమ్మదిగా, ఒకసారి విసురుగా. ఆరాక ఐదు వాక్యాలు రాయండి. ‘బాగుంది’, ‘అందంగా ఉంది’ రాస్తే లెక్కలోకి రాదు. మిగిలిన పిండినీళ్లు మాత్రం సింక్‌లో పొయ్యకండి. నేను పోసి, ప్లంబర్‌ను పిలవాల్సి వచ్చింది.

వచ్చే పాఠంలో ఇంకో అమెరికన్ చిత్రకారుడు ఫ్రాంజ్ క్లైన్ వేసిన నలుపు తెలుపు చిత్రాలు. అప్పటిదాకా ఆయన బొమ్మ ఒకటి చూసి పెట్టుకోండి. అందులో తెలుపు వదిలేసిన ఖాళీ కాదు, అదీ బ్రష్‌తో వేసిందే.