పేర్ల వెనక వైద్యులు, 3వ పాఠం: అరికాలు గీస్తే బొటనవేలు ఎటు?

పోయిన పాఠంలో కళ్లు మూసుకోగానే తూలిపోయే రోంబెర్గ్ గుర్తు చూశాం. ఈసారి బాబిన్‌స్కీ గుర్తు: అరికాలు గీస్తే బొటనవేలు పైకి లేవడం. ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్ వైపు నుంచి నర్సింగ్‌లో చేరిన మన పిల్లలకి ఇంట్లో తెలుగు, వార్డులో ఒడియా, పుస్తకంలో ఇంగ్లీషు. వైవాలో (నోటి పరీక్షలో) ఈ పేరు వినగానే టెన్షన్. పేరు బట్టీ పడితే ఏమీ రాదు, చేత్తో చేసి చూడాలి.

జోసెఫ్ బాబిన్‌స్కీ 1857లో పారిస్‌లో పుట్టాడు, తల్లిదండ్రులు పోలండ్ నుంచి వలస వచ్చినవాళ్లు. 1896లో చాలా చిన్న నివేదికలో ఈ సంగతి చెప్పాడు. కాలివేలు అలా లేవడం అంతకుముందూ కొందరు చూశారు. మెదడు నుంచి వెన్నుపాములోకి దిగే నరాల దారి దెబ్బతింటే అలా లేస్తుందని పట్టుకున్నది మాత్రం ఆయనే.

రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, కాలు చాపించండి. ఒడియావాళ్లయితే "గోడొ ఢిలా ఛాడొంతు" అనండి, కాలు వదులుగా పెడతారు. తాళంచెవి మొద్దుకొసతో మడమ బయటి అంచు దగ్గర మొదలుపెట్టి, చిటికెనవేలి మొదలు దాకా తీసుకెళ్లి, అక్కడినుంచి బొటనవేలి వైపు తిప్పండి. అయిదారు సెకన్లు పట్టాలి. కళ్లు బొటనవేలి మీదే ఉండాలి, దాని మొదటి కదలికే లెక్క. కిందికి వంగితే మామూలే. పైకి లేచి, మిగతా వేళ్లు విసనకర్రలా విచ్చుకుంటే బాబిన్‌స్కీ గుర్తు. ఏడాదిలోపు పిల్లల్లో వేలు పైకి లేచినా కంగారు పడక్కర్లేదు, ఆ నరాల దారి ఇంకా పూర్తిగా తయారవలేదు.

నేను చదువుకునేటప్పుడు ఒకాయనకి చకచకా గీసేశాను. కితకితలు పుట్టి కాలంతా లాక్కున్నాడు, వేళ్లన్నీ పైకి లేచాయి. "పాజిటివ్" అని రాసేశాను! సీనియర్ సిస్టర్ వచ్చి చీలమండ పట్టుకుని నిదానంగా గీస్తే వేలు బుద్ధిగా కిందికి వంగింది. కాలు లాక్కోవడం వేరు, వేలు లేవడం వేరు.

చెప్పుల్లేకుండా పొలంలో తిరిగిన కాలయితే అరికాలు చెక్కలా ఉంటుంది, ఎంత గీసినా వేలు కదలకపోవచ్చు. అప్పుడు బయటి చీలమండ ఎముక కింద చర్మాన్ని గీయండి. అమెరికా వైద్యుడు చాడాక్ 1911లో చెప్పిన పద్ధతి ఇది. కితకితలవాళ్లకీ ఇదే నయం.

నా మాట వింటే "బాబిన్‌స్కీ నెగెటివ్" అని రాయకండి. "రెండు బొటనవేళ్లూ కిందికి వంగాయి" అని రాస్తే చదివేవాళ్లకి అనుమానం ఉండదు.

పసివాళ్ల సంగతి వచ్చింది కాబట్టి మోరో రిఫ్లెక్స్ (బిడ్డ ప్రయత్నం లేకుండా దానంతటదే వచ్చే కదలిక) కూడా. ఎర్న్‌స్ట్ మోరో దీన్ని 1918లో వర్ణించాడు. మన ఇళ్లలో "బిడ్డ ఉలిక్కిపడుతున్నాడు, దిష్టి తగిలింది" అంటారే, అదే: చేతులు చాచి, మళ్లీ దగ్గరికి తెచ్చుకుని, ఏడుపు. నాలుగు నుంచి ఆరు నెలల్లోపు దానంతటదే పోతుంది. దిష్టి తీయనివ్వండి, అమ్మమ్మతో వాదన దేనికి? ఒక చెయ్యే లేచి రెండోది లేవకపోతే మాత్రం డాక్టరుకి చెప్పాలి, మెడ కింది కాలర్ ఎముక విరిగిందో, భుజం నరాలు దెబ్బతిన్నాయో.

ఈ వారం ఇంట్లో అయిదుగురి రెండు కాళ్లూ చూసి, వేలు ఎటు కదిలిందో నోటుబుక్కులో రాయండి. నవ్వుతూ కాలు లాక్కున్నవాళ్లుంటే అదీ రాయండి.